కీమోకి లొంగని అండాశయ క్యాన్సర్: మళ్లీ ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మకి 56 ఏళ్లు. కిందటేడు అండాశయ క్యాన్సర్, 3సి దశ అన్నారు. మూడు కీమోల తర్వాత పెద్దాపరేషన్ చేసి, ఆపైన ఇంకో మూడు కీమోలు ఇచ్చారు. మందులు పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. రక్తంలో ఈ క్యాన్సర్ జాడ చూపే సీఏ-125 బాగా దిగి 22కి వచ్చింది. ఆఖరి కీమో అయిన నాలుగో నెలలో మళ్లీ కడుపు ఉబ్బింది. ఇప్పుడు సీఏ-125 410. స్కాన్‌లో కటిభాగంలో 4 సెంటీమీటర్ల గడ్డ, చిన్నపేగుల మీద, కాలేయం పైపొర మీద చిన్న చిన్న గింజలు, నీరు కనిపించాయి. పోయిన వారం 3 లీటర్ల నీరు తీశారు. పదిహేను రోజుల్లో రెండుసార్లు కడుపు బిగుసుకుపోయి వాంతులయ్యాయి, సెలైన్ పెడితే తగ్గాయి. మా డాక్టరుగారు వారం వారం కీమో ఇద్దామంటున్నారు. ఇంకో ఆస్పత్రిలో మళ్లీ కడుపు తెరిచి మొత్తం తీసేసి వేడి కీమోతో కడుగుతాం, 9 లక్షలవుతుంది అన్నారు. నాన్న పొలం బేరం పెట్టారు. ఆపరేషన్ చేయించకపోతే అమ్మను వదిలేసినట్టేనా?
తణుకు నుంచి ఒక కూతురు

సమాధానం: పొలం బేరం ఒక్క పది రోజులు ఆపమని నాన్నగారికి చెప్పండి. మీరు రాసిన వివరాలను బట్టి, క్యాన్సర్‌ని తగ్గించడం కోసం ఇప్పుడు పెద్దాపరేషన్ చేయిస్తే మీ అమ్మగారికి మేలు కంటే కీడే ఎక్కువ. పేగు మూసుకుపోతే దాన్ని తెరవడానికి చేసే ఆపరేషన్ సంగతి వేరు. అది అవసరం పడొచ్చు, పడకపోవచ్చు. మీ ఉత్తరంలో ఈ రెండూ కలిసిపోయాయి. చాలా ఆస్పత్రుల్లో మాటలు కూడా ఇలాగే కలగాపులగంగా నడుస్తాయి కాబట్టి తప్పు మీది కాదు.

ముందు లెక్క సరిచూడండి. చివరి కార్బోప్లాటిన్ పడిన తేదీ నుంచి 6 నెలలలోపు జబ్బు తిరగబెడితే దాన్ని ప్లాటినానికి (కార్బోప్లాటిన్ ఆ జాతి మందే) లొంగనిది అంటారు. కీమో నడుస్తుండగానే, లేదా అయిపోయిన నెలలోపే పెరిగితే అది ఇంకా మొండిది. 6 నెలలు దాటాక వస్తే లొంగే రకంగా లెక్కేసి కార్బోప్లాటిన్‌నే మళ్లీ ఇస్తారు. ఆపరేషన్ తేదీ నుంచి లెక్కపెట్టకూడదు. చాలామంది ఇక్కడే పొరబడి రెండు మూడు నెలలు కలిపేసుకుంటారు. డిశ్చార్జి కాగితాల్లో ఆరో కీమో తేదీ చూసి మీరే లెక్కేయండి. 6 నెలల గీత జబ్బు గీసుకున్నది కాదు, డాక్టర్లు గీసుకున్నది. అయిదున్నర నెలలకి వచ్చిన జబ్బుకీ ఏడో నెలలో వచ్చినదానికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉండదు. కానీ నాలుగు నెలలంటే సందేహానికి చోటు లేదు.

మొదటిసారి ఆపరేషన్ పనిచేసింది కదా, ఇప్పుడెందుకు పనిచేయదు అన్నది మీ మనసులో ఉన్న అసలు ప్రశ్న. మొదటిసారి కూడా సర్జన్ కంటికి కనిపించిన గడ్డల్ని మాత్రమే తీశారు. కంటికి ఆనని కణాలు కడుపు పొర నిండా అప్పుడూ ఉన్నాయి. వాటిని ఊడ్చింది తర్వాత పడిన మూడు కార్బోప్లాటిన్‌లు. ఇప్పుడు మిగిలినవి ఆ మందుని తట్టుకుని బతికిన కణాలు. వరిచేలో తుంగని పైపైన కోసేస్తే ఏమవుతుందో మీ నాన్నగారికి చెప్పక్కర్లేదు. దుంప నేలలోనే ఉంటుంది, దుంపని చంపే మందు చేతిలో లేకపోతే కోత కూలి దండగ. పైగా పెద్దాపరేషన్ తర్వాత కుట్లు మానేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఏ మందూ సరిగా ఇవ్వలేరు. ఈ రకం జబ్బు ఆ వ్యవధిలో ఊరుకోదు.

తిరగబెట్టిన జబ్బుకి రెండో ఆపరేషన్ మంచిదని చెప్పేవారు సాధారణంగా డెస్క్‌టాప్-3 అనే అధ్యయనం పేరెత్తుతారు. 2021లో వచ్చిన ఆ ఫలితాలు నిజమే. 407 మందిలో ఆపరేషన్, కీమో రెండూ పొందినవారు సగటున 53.7 నెలలు, కీమో ఒక్కటే పొందినవారు 46 నెలలు బతికారు. కానీ అందులోకి ఎవరిని తీసుకున్నారో చూడండి. మొదటిసారి తిరగబెట్టినవాళ్లు, కీమో అయ్యాక కనీసం 6 నెలలు బాగున్నవాళ్లు, తమ పనులు తాము చేసుకునేవాళ్లు, కడుపులో నీరు అరలీటరుకి మించనివాళ్లు, తొలి ఆపరేషన్‌లో గడ్డ ఏమీ మిగలనివాళ్లు. మీ అమ్మగారు అందులో కనీసం రెండు షరతుల దగ్గర ఆగిపోతారు. అదే అధ్యయనంలో ఆపరేషన్‌లో గడ్డ పూర్తిగా తీయగలిగినవారు 61.9 నెలలు బతికితే, కొంత మిగిలిపోయినవారు 28.8 నెలలే బతికారు. అంటే అసలు కోయించుకోనివాళ్ల కంటే తక్కువ. 2019లో అమెరికా నుంచి వచ్చిన జీఓజీ-213 అధ్యయనంలో 485 మందిని చూస్తే, లొంగే జబ్బులో కూడా రెండో ఆపరేషన్ ఆయుష్షు పెంచలేదు. లొంగే జబ్బులోనే పరిస్థితి ఇంత తేడాగా ఉంటే, లొంగని జబ్బులో "మొత్తం తీసేస్తాం" అన్న మాటకి ఆధారమేమిటో అడిగి తీరాలి.

వేడి కీమో సంగతి. గడ్డలు తీసేశాక, కడుపు మూసేముందు సిస్‌ప్లాటిన్ కలిపిన ద్రావణాన్ని 40 డిగ్రీల వేడితో గంటన్నర తిప్పుతారు. 2018లో ఫలితాలు వచ్చిన, నెదర్లాండ్స్, బెల్జియంలలో 245 మంది మీద జరిగిన అధ్యయనంలో ఆయుష్షు 33.9 నెలల నుంచి 45.7 నెలలకి పెరిగింది. వాళ్లంతా మొదటిసారి వైద్యం తీసుకుంటున్నవాళ్లే, మూడు కీమోల తర్వాత ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లే. మీ అమ్మగారికి పోయినసారి ఆపరేషన్ చేసిన దశ అది. ఇప్పటి దశ కాదు. పైగా అందులో వాడే సిస్‌ప్లాటిన్ కార్బోప్లాటిన్‌కి తోబుట్టువు. ఒకదానికి లొంగని కణం రెండోదానికి లొంగుతుందని అనుకోలేం. వేడి మందుని కాస్త లోపలికి పంపుతుంది, అదీ రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకే. కిడ్నీల మీద భారం, ఐసీయూలో రోజులు, బిల్లు మాత్రం పూర్తిగా పడతాయి.

అలాగని కీమోకి లొంగని ప్రతి స్త్రీల క్యాన్సర్‌కీ ఆపరేషన్ దండగ అనుకోకండి. గర్భం తర్వాత వచ్చే కోరియోకార్సినోమా ఊపిరితిత్తికి పాకి, మందులకి లొంగకుండా ఒక చిన్న గడ్డ మిగిలితే, దాన్ని కోసేస్తే జబ్బు పూర్తిగా నయం కావచ్చు. 1980లో జపాన్‌లో టొమోడా బృందం దీనికి అయిదు షరతులు పెట్టింది. రోగి ఆపరేషన్‌కి తట్టుకోవాలి, గర్భసంచిలో జబ్బు అదుపులో ఉండాలి, వేరే అవయవాల్లో ఉండకూడదు, గడ్డలు ఒక ఊపిరితిత్తికే పరిమితం కావాలి, రక్తంలో హెచ్‌సీజీ (ఈ గడ్డ విడుదల చేసే గర్భధారణ హార్మోన్) వెయ్యి లోపు ఉండాలి. అయిదూ ఉన్న 15 మందిలో 14 మంది బతికారు. ఏదో ఒకటి తప్పిన నలుగురిలో ఒక్కరూ మిగల్లేదు. అక్కడ జబ్బు ఒక్కచోట దాక్కుంటుంది, మిగిలిందీ లేనిదీ రక్తపరీక్ష పట్టిస్తుంది. అండాశయ క్యాన్సర్ కడుపంతా చల్లినట్టు పాకుతుంది. రెండిటికీ "కీమోకి లొంగనిది" అన్న పేరే ఉన్నా సర్జన్‌కి దొరికే పని ఒకటి కాదు.

అండాశయ క్యాన్సర్‌లోనూ ఒక మినహాయింపు ఉంది. ఈ పది రోజుల్లో మీరు తేల్చుకోవాల్సింది అదే. తొలి ఆపరేషన్‌లో తీసిన ముక్క రిపోర్టు వెతకండి. "హై గ్రేడ్ సీరస్" అని ఉంటే ఇంతవరకూ చెప్పినదంతా మీకు వర్తిస్తుంది. "లో గ్రేడ్ సీరస్" అని ఉంటే కథ మారుతుంది. ఈ రకం మొదటినుంచీ కీమోకి అంతగా లొంగదు, తిరగబెట్టాక నూటికి నలుగురైదుగురికే గడ్డలు తగ్గుతాయి. కానీ నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే కీమో పనిచేయకపోయినా, గడ్డలన్నీ తీయగలిగితే ఏళ్లు కలిసిరావచ్చు. లెట్రోజోల్ అనే హార్మోన్‌ని తగ్గించే మాత్ర, ట్రామెటినిబ్ అనే మాత్ర దీనికి పనికొస్తాయి. 260 మంది మీద చేసిన అధ్యయనంలో ట్రామెటినిబ్ జబ్బు పెరగకుండా ఆపిన వ్యవధిని 7.2 నెలల నుంచి 13 నెలలకి పెంచింది. నాలుగు నెలలకే ఇంత వేగంగా తిరగబెట్టింది కాబట్టి మీ అమ్మగారిది హై గ్రేడే అయ్యుంటుంది. అయినా స్లైడ్లూ, ఆ ముక్కని మైనంలో దాచిన బ్లాకులూ తెప్పించి స్త్రీల క్యాన్సర్లు ఎక్కువగా చూసే పెథాలజిస్టుకి ఒకసారి చూపించండి. ఆ బ్లాకులు ల్యాబుని అడిగి తీసుకోండి. గ్రాన్యులోసా కణాల క్యాన్సర్ (అండాశయ క్యాన్సర్‌లో ఇంకో అరుదైన రకం) అని తేలినా రెండో ఆపరేషన్‌కి విలువ ఉంటుంది.

ఇంకొకటి. పోయిన వారం తీసిన నీటిని పరీక్షకి పంపారా? మన దగ్గర కడుపులో క్షయ వచ్చినా నీరు చేరుతుంది, సీఏ-125 వందల్లోకి వెళ్తుంది, స్కాన్‌లో గింజల్లాంటివే కనిపిస్తాయి. మీ అమ్మగారి విషయంలో ఆ అవకాశం తక్కువే. అయినా ఆ నీటిలో క్యాన్సర్ కణాలున్నాయని ఒకసారి తేల్చుకోవాలి, క్షయని పట్టించే ఏడీఏ పరీక్ష చేయించాలి. కొన్ని వందల రూపాయల పని. సీఏ-125 పెరిగిందన్న ఒక్క కారణంతో ఎవరూ కత్తి పట్టకూడదు.

పేగు విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఆ రెండుసార్లు వచ్చిన వాంతులే. పేగు ఒకచోట ఇరుకై, పూర్తిగా మూసుకోకుండా తెరుచుకుంటోందని అర్థం. మూడోసారి తెరుచుకోకపోవచ్చు. అప్పుడు సర్జన్ దగ్గర నిలబడి నిర్ణయం తీసుకోవడం కష్టం కాబట్టి ఇప్పుడే మాట్లాడుకోండి.

ఒక సీటీ స్కాన్ తీసి, ఇరుకు ఒకచోట ఉందా, చాలాచోట్ల ఉందా అని చెప్పించండి. ఒక్కచోటే ఉండి, నీరు తక్కువగా ఉండి, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ 3 దాటి ఉండి, మనిషి నడుస్తూ తిరుగుతూ ఉంటే ఆపరేషన్ ఫలితమిస్తుంది. ఒక్కోసారి అది క్యాన్సర్ కూడా కాదు, పాత ఆపరేషన్ తర్వాత పేగులు అంటుకుపోవడం. ఆ అతుకు విడదీస్తే చాలు. క్యాన్సర్ అయితే ఆ ముక్క కోసి పేగుని కలుపుతారు. కోయలేకపోతే ఇరుకుని దాటవేసి, దానికి ముందున్న చిన్నపేగుని పెద్దపేగుకి కుడతారు. అదీ కుదరకపోతే పొట్ట మీద స్టోమా (పేగు బయటికి తెరుచుకునే రంధ్రం) పెట్టి సంచి తగిలిస్తారు. అడ్డు పెద్దపేగు ఎడమ భాగంలో ఒక్కచోటే ఉంటే కోయకుండా కొలనోస్కోపీతో స్టెంట్ పెట్టే వీలుంది. పేగుల పొర నిండా గింజలుండి ఇరుకులు నాలుగైదు చోట్ల ఉంటే కోయడం వృథా. ఒకటి సరిచేస్తే వారానికి ఇంకొకటి మూసుకుంటుంది. మధ్యలో పేగు ఎక్కువ తీసేయాల్సి వచ్చి, స్టోమాతో వంద సెంటీమీటర్ల చిన్నపేగు కూడా మిగలకపోతే తిన్నది ఒంటికి పట్టదు. ఆ పైన బతుకంతా నరంలోకి ఎక్కించే ఆహారం మీదే.

ఇలాంటి ఆపరేషన్‌లో ఎక్కువగా దెబ్బతినేది పేగు అతుకు. అల్బుమిన్ తక్కువగా ఉన్నవాళ్లలో, నీరు నిండిన పొట్టలో అది అయిదారు రోజులకి కారడం మొదలవుతుంది. జ్వరం, పొట్ట బిగుసుకోవడం, గుండె వేగం పెరగడం దాని గుర్తులు. రెండోది కాలి సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి ఎక్కడం. ఆపరేషన్‌కి ముందే రెండు కాళ్లకీ డాప్లర్ స్కాన్ తీయించమనండి. తర్వాత 28 రోజులు రక్తం పల్చబరిచే ఇంజెక్షన్ మానకూడదు. ఇంటికి పంపేటప్పుడు చాలాచోట్ల దీన్ని రాయడం మర్చిపోతారు.

కోయడం కుదరకపోతే చేతులెత్తేయాల్సిన పని లేదు. ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేస్తారు, డెక్సామెథాసోన్ ఉదయం 8 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెడతారు, ఆక్ట్రియోటైడ్ 100 మైక్రోగ్రాములు చర్మం కిందకి రోజుకి మూడుసార్లు ఇస్తారు. దీంతో చాలామందికి వాంతులు తగ్గుతాయి, కొందరికి పేగు తెరుచుకుంటుంది. ముక్కు గొట్టం ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తే ఎండోస్కోపీతో పొట్ట మీదనుంచి చిన్న గొట్టం పెడతారు. అప్పుడు మజ్జిగ, కొబ్బరినీళ్లు, కాఫీ నోటితో తాగి రుచి చూడొచ్చు, పొట్టలోది గొట్టంలోంచి బయటికి పోతుంది. ఈ గొట్టం సంగతి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. మెటాక్లోప్రమైడ్ ఇంజెక్షన్ వాంతులకి మామూలుగా ఇచ్చేదే కానీ, పేగు పూర్తిగా మూసుకుని నొప్పి మెలితిప్పుతున్నప్పుడు వద్దు. ఊళ్లో సెలైన్ పెట్టే ఆర్‌ఎంపీకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

ఇంట్లో ఈ రోజునుంచే చేయగలిగింది ఉంది. గోంగూర, తోటకూర, మునక్కాడలు, మొక్కజొన్న, తొక్కతో పళ్లు, పీచు ఉన్నవేవీ పెట్టకండి. మెత్తగా ఉడికించిన అన్నం, వడకట్టిన పప్పుకట్టు, మజ్జిగ, గుడ్డు, ఇడ్లీ కొద్దికొద్దిగా ఆరుసార్లు పెట్టండి. మాంసకృత్తులు కిలో బరువుకి 1.2 గ్రాములైనా అందాలి. 50 కిలోల మనిషికి 60 గ్రాములు. రెండు గుడ్లు, పావులీటరు పాలు, గరిటెడు పప్పు కలిపినా అందులో సగం కూడా రాదు, కాబట్టి ప్రొటీన్ పౌడరు డాక్టరుతో రాయించుకోండి. మలం రాలేదని ఆముదం గానీ, ఎనిమా గానీ ఇవ్వకండి. గ్యాస్ కూడా పోకుండా, పొట్ట మెలితిప్పి నొప్పి వస్తూ, వాంతి పచ్చగా లేదా మలం వాసనతో ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

మీ డాక్టరుగారు చెప్పిన వారం వారం కీమో తేలికగా తీసేయదగ్గది కాదు. పాక్లిటాక్సెల్‌ని ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 80 మిల్లీగ్రాముల చొప్పున వారానికోసారి ఇస్తే, మూడు వారాల మోతాదుకి లొంగనిది కూడా కొంత లొంగుతుంది. 2014 నాటి ఆరీలియా అధ్యయనంలో 361 మందిలో సగం మందికి కీమోతో బెవాసిజుమాబ్ (గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపే మందు) కలిపి ఇస్తే జబ్బు పెరగని కాలం 3.4 నుంచి 6.7 నెలలకి పెరిగింది, నీరు కూడా తగ్గింది. ఇక్కడొక గట్టి హెచ్చరిక. బెవాసిజుమాబ్ పేగుకి రంధ్రం చేయగలదు. పేగు అడ్డుపడ్డవాళ్లని, పేగు చివరి భాగానికి జబ్బు తాకినవాళ్లని ఆ అధ్యయనంలోకి తీసుకోనే లేదు. మీ అమ్మగారి రెండు వాంతుల ఘటనలు డాక్టరుగారికి తేదీలతో రాసిచ్చాకే ఆ మందు గురించి తేల్చుకోండి. అది పడ్డాక పెద్దాపరేషన్ చేయాలంటే కనీసం 28 రోజులు, వీలైతే ఆరు వారాలు ఆగాలి. ఆపరేషన్ అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలన్నా గాయం పూర్తిగా మానాలి, 28 రోజులు దాటాలి.

గడ్డ బ్లాకు మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా (క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్) పరీక్ష చేయించమని అడగండి. అది ఎక్కువగా ఉన్న లొంగని జబ్బుకి మిర్‌వెటుక్సిమాబ్ అనే మందు, 453 మంది మీద చేసిన అధ్యయనంలో ఆయుష్షుని సగటున 12.75 నుంచి 16.46 నెలలకి తీసుకెళ్లింది. ఖరీదైనది, కంటిచూపుని మసకబరుస్తుంది, అందుకే ముందే కంటిపరీక్ష కావాలి. ఇదివరకు చేయించకపోతే వంశపారంపర్యంగా వచ్చే క్యాన్సర్ జన్యువుల కోసం చేసే బీఆర్‌సీఏ పరీక్ష కూడా చేయించండి. దాని ఫలితం మీ అమ్మగారికే కాదు, మీకూ మీ అక్కచెల్లెళ్లకీ అవసరం.

ఆ రెండో ఆస్పత్రికి మళ్లీ వెళ్తే ఇవి అడగండి: ముందు లాపరోస్కోపీతో చూస్తారా, నేరుగా తెరుస్తారా? చిన్నపేగులకి రక్తనాళాలు వచ్చే మడత మొదలు నిండా గింజలు కనిపిస్తే ఆపి మూసేస్తారా? కడుపుని 13 భాగాలుగా విడదీసి ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు వేసే పద్ధతి ఉంది, మొత్తం 39. మా అమ్మకి ఎంత వస్తుంది, ఎంత దాటితే మీరు ఆపరేషన్ చేయరు? అంతా తీశాక ఏ మందు, ఎన్నో రోజున మొదలుపెడతారు? ఆఖరి ప్రశ్నకి పేరూ తేదీ ఉన్న జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

రెండో అభిప్రాయం కోసం ట్యూమర్ బోర్డు (సర్జన్, కీమో డాక్టరు, పెథాలజిస్టు అంతా కలిసి కేసు చూసే బృందం) కూర్చునే ఆస్పత్రికి వెళ్లండి. మీకు దగ్గరలో విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రులు ఉన్నాయి. ఎంఎన్‌జేలో నొప్పి, వాంతులు చూసే పాలియేటివ్ విభాగం కూడా ఉంది. దాని కోసం కీమో ఆపక్కర్లేదు, రెండూ ఒకేసారి నడుస్తాయి. తీసుకెళ్లాల్సినవి: తొలి ముక్క రిపోర్టు, బ్లాకులు, ఆపరేషన్ నోట్స్ పూర్తి కాపీ, కీమో తేదీల చార్టు, సీఏ-125 అన్ని విలువలు వరుసగా, స్కాన్ల సీడీలు. రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే రేడియాలజిస్టు ఏమీ చెప్పలేరు. ఆపరేషన్ నోట్స్‌లో చివర "ఏమీ మిగల్లేదు" అని రాశారా, "ఒక సెంటీమీటరులోపు మిగిలింది" అని రాశారా చూడండి. మీ ప్రశ్నకి సగం జవాబు ఆ ఒక్క వాక్యంలో ఉంటుంది. ఎన్టీఆర్ వైద్య సేవలో ఏవి వస్తాయో ఆస్పత్రిలోని మిత్ర కౌంటర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకున్నాకే చేతి డబ్బు లెక్క వేయండి.

ముక్క రిపోర్టు లో గ్రేడ్ అని వచ్చినా, సీటీలో అడ్డు ఒక్కచోటే ఉందని తేలినా మళ్లీ రాయండి. అప్పుడు మా జవాబు వేరుగా ఉంటుంది.